పౌరశాస్త్రం టీచరు జవాబులు: కెనడా అమెరికాలో కలుస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే సంగతి అడిగాయి. అందుకని మిగతావి వచ్చే సంచికకి ఉంచి, ఈసారి పేజీలన్నీ దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: టీచరుగారికి నమస్కారం. మా అబ్బాయి కెనడాలో బ్రాంప్టన్‌లో ఉంటున్నాడు. ఈమధ్యే పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. అమెరికా అధ్యక్షుడు కెనడాని 51వ రాష్ట్రం చేసుకుంటానన్న రోజు నుంచీ మా ఇంట్లో ఇదే గొడవ. మావారు "కలిస్తే మంచిదేగా, వీసా బాధ ఉండదు, వాడు అమెరికాలో ఉన్నట్టే లెక్క" అంటారు. నాకేమో గుండెల్లో గుబులు. నిజంగా కలిసిపోతుందా?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పేసి, కారణాలు తర్వాత చెబుతాను. కలవదు. మీ అబ్బాయి తల నెరిసే నాటికైనా కలుస్తుందని నేను అనుకోవడం లేదు.

మీవారికి ఒక మాట చెప్పండి. రెండు దేశాలు కలిసినా పీఆర్ కార్డు దానంతటది గ్రీన్‌కార్డు అయిపోదు. అప్పుడు ఎవరికి ఏ హక్కు ఇవ్వాలో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి తేల్చాలి. మీ అబ్బాయికి ఇప్పుడు చేతిలో ఉన్న దారి వేరే ఉంది. అయిదేళ్ళలో 1,095 రోజులు కెనడాలో ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పౌరుడయ్యాక, అమెరికాలో కొన్ని వృత్తుల వాళ్ళకిచ్చే టీఎన్ అనుమతి మీద అక్కడ ఉద్యోగం చేయవచ్చు. అది కెనడా పౌరులకే తప్ప పీఆర్ ఉన్నవాళ్ళకి ఇవ్వరు. కాబట్టి ఆ కుర్రాణ్ణి రోజులు లెక్క పెట్టుకోమనండి.

ఇక అసలు సంగతి. కెనడా 1982 రాజ్యాంగ చట్టంలో 41వ సెక్షన్ అని ఒకటుంది. బ్రిటన్ రాజే కెనడాకీ రాజు. ఆ రాజు పదవిని కదిలించాలంటే పార్లమెంటుతోపాటు పది రాష్ట్రాల శాసనసభలూ ఒప్పుకోవాలి. ఒక్క రాష్ట్రం తల అడ్డంగా ఊపితే అక్కడితో సరి. అమెరికాలో కలవాలంటే రాజుని వదులుకోక తప్పదు. ఆ పదింట్లో క్యూబెక్ ఒకటి. ఫ్రెంచి భాషని కాపాడుకోవడానికి 1977లో ప్రత్యేక చట్టం చేసుకున్న రాష్ట్రం అది. 1995లో విడిపోదామా వద్దా అని ఓటు పెడితే, వద్దన్నవాళ్ళు 50.58 శాతం, విడిపోదామన్నవాళ్ళు 49.42 శాతం. కెనడా రాజధాని ఒటావాతోనే ఉండాలా వద్దా అని అంత తర్జనభర్జన పడ్డవాళ్ళు వాషింగ్టన్‌కి సరే అంటారా?

లెక్క కూడా చూడండి. కెనడా జనాభా 4 కోట్ల పైచిలుకు, కాలిఫోర్నియా కన్నా కాస్త ఎక్కువ. ఒకే రాష్ట్రంగా చేరితే సెనేట్‌లో రెండు సీట్లు. పసిఫిక్ నుంచి అట్లాంటిక్ దాకా ఉన్న దేశం మొత్తానికి కలిపి ఆ రెండే. ఇంతకాలం సొంత ప్రధాని, సొంత సైన్యం, ఐక్యరాజ్యసమితిలో సొంత కుర్చీ ఉన్నవాళ్ళు దానికి ఒప్పుకుంటారా?

అమెరికా ఇలా అడగడం ఇది మొదటిసారీ కాదు. స్వాతంత్ర్య యుద్ధం నాడే, 1775 చివర్లో, క్యూబెక్ మీదికి సైన్యాన్ని పంపి ఓడిపోయారు. ఆ తర్వాత తయారుచేసుకున్న మొదటి రాజ్యాంగంలో కెనడా కోసం తలుపు తెరిచే ఉంచారు. వస్తానంటే చాలు, వేరే షరతుల్లేకుండా చేర్చుకుంటామని అందులో రాసి ఉంది. ఎవరూ రాలేదు. 1812లో మళ్ళీ యుద్ధం. 1849లో మాత్రం మాంట్రియల్ వర్తకులు కొందరు తమంతట తామే అమెరికాలో కలుద్దామని ప్రకటన మీద సంతకాలు పెట్టారు. బ్రిటన్ తన మార్కెట్లో తమకిచ్చిన రాయితీ తీసేయడంతో వ్యాపారాలు దెబ్బతిని ఉన్నారు. అయిదేళ్ళకి అమెరికాతో వ్యాపార ఒప్పందం కుదిరేసరికి ఆ ఊసే ఎత్తలేదు. 1911లో అలాంటి ఒప్పందాన్నే కెనడా ప్రధాని లారియే ప్రభుత్వం మళ్ళీ తేబోయింది. అప్పుడు అమెరికా కాంగ్రెస్‌లో ఒక పెద్ద నాయకుడు, ఉత్తరాన ప్రతి అంగుళం మీదా మా జెండా ఎగిరే రోజు చూడాలని ఉందనే అర్థంలో మాట్లాడాడు. ఆ మాటతో కెనడాలో అగ్గి రాజుకుంది. ఎన్నికల్లో లారియే ఓడిపోయాడు.

2025లో మనం కళ్ళారా చూసింది కూడా ఇదే. ఆ ఏడాది మొదట్లో సర్వేల్లో చాలా వెనకబడి ఉన్న లిబరల్ పార్టీ, 51వ రాష్ట్రం మాట, సుంకాల దెబ్బ మొదలయ్యాక ఏప్రిల్ 28న గెలిచి కూర్చుంది. మే నెలలో కొత్త ప్రధాని కార్నీ వైట్‌హౌస్‌కే వెళ్ళి, మా దేశం అమ్మకానికి లేదని మొహం మీదే చెప్పి వచ్చాడు. పెద్దవాడు చిన్నవాణ్ణి భుజం మీద చెయ్యేసి మరీ దగ్గరికి లాగాడంటే, చిన్నవాడు ఆ చెయ్యి తీసేస్తాడు. ముప్పయ్యొక్క ఏళ్ళు తెనాలిలో పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, ఇది దేశాలకీ మనుషులకీ ఒకటేనని నమ్ముతాను.

ఆ వేసవి నేను అక్కడే ఉన్నాను. మా అమ్మాయి వాళ్ళది సెయింట్ జాన్స్, కెనడాకి తూర్పున చిట్టచివర ఉన్న ఊరు. తన కాన్పు కోసం వెళ్ళి ఆరు నెలలున్నాను. సరుకులకి వెళితే అమ్మాయి నారింజపళ్ళ సంచీ తిప్పి ఏ దేశానివో చూసేది. ఫ్లోరిడావైతే పెట్టేసి మొరాకోవి తీసుకునేది. మన తెలుగింటి పిల్ల, వెళ్ళి ఏడేళ్ళే అయింది, దానికే అంత పట్టుదల! కాన్పు అయి డిస్చార్జి చేసేటప్పుడు నేను అలవాటు కొద్దీ చేతిసంచీ తెరిచి, బిల్లు ఎక్కడ కట్టాలని అడిగాను. నర్సు నవ్వి, కారు సీటు బిగించారా అని మాత్రం అడిగింది. ఆ ఒక్క సంగతి వదులుకోమంటే అక్కడెవరూ వదులుకోరమ్మా.

ప్రశ్న: మేడమ్, ఒక దేశం ఇంకో దేశాన్ని బలవంతంగా కలుపుకోవడం విన్నాను గానీ, జనం తమంతట తామే ఓటేసి దేశాన్ని వదులుకోవడం ఎక్కడైనా జరిగిందా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: జరిగిందండీ. పైన చెప్పానే, మా అమ్మాయి ఉండే ఊరు, అది ఒకప్పుడు ఒక దేశానికి రాజధాని. ఆ దేశం పేరు న్యూఫౌండ్‌ల్యాండ్. కెనడా, ఆస్ట్రేలియా లాగే బ్రిటిష్ సామ్రాజ్యంలో సొంత ప్రధాని ఉన్న డొమినియన్. జనాభా మూడు లక్షల లోపు. కాడ్ చేపే వాళ్ళ పంట.

బ్యాంకులో పనిచేశానన్నారు కాబట్టి ఇది మీకు చప్పున అర్థమవుతుంది. దీవికి అడ్డంగా రైలుమార్గం వేయడానికి అప్పు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధానికి సొంతంగా ఒక రెజిమెంటును పంపారు, దానికీ అప్పే. 1930ల్లో చేపల ధర పడిపోయింది. ఖజానాకి వచ్చే ఆదాయంలో సగానికి పైగా వడ్డీకే పోయేది. పనిలేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సాయం రోజుకి ఆరు సెంట్లు. 1932 ఏప్రిల్‌లో జనం శాసనసభ భవనం మీద పడ్డారు. బ్రిటన్ ఒక విచారణ కమిషన్ వేసింది. 1933 చివర్లో ఆ దేశపు శాసనసభ తన అధికారాన్ని తానే వదులుకుంటూ తీర్మానం చేసింది. 1934 ఫిబ్రవరి నుంచి లండన్ నియమించిన మరో కమిషన్ పాలించింది. ఎన్నికలు లేవు, ప్రధాని లేడు. అప్పు తీర్చలేక ఇంటి తాళంచెవులు అప్పగించేసినట్టు!

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వచ్చింది. 99 ఏళ్ళ లీజుకి స్థావరాలు తీసుకుంది. అంతవరకూ కొట్లో ఖాతా మీద బతికినవాళ్ళ చేతికి మొదటిసారి నోట్లు వచ్చాయి. అందుకే యుద్ధం అయిపోయాక, అమెరికాతో ఆర్థికంగా కలుద్దామంటూ ఒక పార్టీయే పుట్టింది. చెస్ క్రాస్బీ అనే వ్యాపారి దాని నాయకుడు. కానీ అమెరికా పేరు బ్యాలట్ మీదికి రాలేదు. ఇటు కెనడాతో కలుద్దామన్నవాడు జోయ్ స్మాల్‌వుడ్. రేడియోలో కబుర్లు చెప్పి ఊరూరా తెలిసిన గొంతు అతనిది. ఆ తర్వాత గాండర్‌లో పందులు పెంచుకుంటూ ఉండగా, జనం చేత ఓటు వేయిస్తారని తెలిసి రాజకీయాల్లోకి దిగాడు. కెనడాలో పిల్లల తల్లులకి నెలనెలా ప్రభుత్వం చెక్కు పంపుతుంది, అది మీకూ వస్తుందని పల్లెపల్లెకీ చెప్పాడు. రోజుకి ఆరు సెంట్ల మీద పిల్లల్ని సాకిన తల్లికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో మీరే ఊహించండి.

1948 జూన్ 3న మొదటి ఓటు. మళ్ళీ మన ప్రభుత్వం మనకే కావాలన్నవాళ్ళు 44.6 శాతం, కెనడా అన్నవాళ్ళు 41.1 శాతం, కమిషనే ఉండనీ అన్నవాళ్ళు 14.3 శాతం. చూశారా, మొదటి స్థానం సొంత దేశానిదే! ఎవరికీ సగం రాలేదు కాబట్టి జూలై 22న మళ్ళీ పెట్టారు. కెనడాకి 78,323, సొంత పాలనకి 71,334. తేడా 6,989 ఓట్లు. 1949 మార్చి 31న, అర్ధరాత్రికి కాసేపటి ముందు, ఆ దేశం కెనడాలో పదో రాష్ట్రమైంది.

మా అమ్మాయి పక్కింట్లో ఎనభై ఏడేళ్ళ పెద్దావిడ ఉంది. రోజూ ఎండపొడ తగిలే మెట్ల మీద కూర్చుంటుంది. ఆమెకి నా ఇంగ్లీషు, నాకు ఆమె యాస పట్టుబడటానికి రెండు వారాలు పట్టింది. ఏప్రిల్ ఒకటో తేదీ పొద్దున వాళ్ళ నాన్న తలుపుకి నల్లగుడ్డ కట్టాడట. వాళ్ళమ్మ ఏమీ అనలేదట, కానీ ఆవిడ వేసింది కెనడాకే అని పిల్లలకి తర్వాతెప్పుడో తెలిసిందట. ఏడాది తిరిగాక చెల్లెలు పుట్టింది. తనూ చెల్లెలూ ఒకే గదిలో ఒకే మంత్రసాని చేతుల్లోకి వచ్చినా, పుట్టిన దేశం మాత్రం వేరని చెప్పి చాలాసేపు సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది.

వాళ్ళకి మేలు జరిగిందా అంటే, జరిగింది. పిల్లల చెక్కులు వచ్చాయి, పెన్షన్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. కానీ చేపల మీద అధికారం ఒటావాకి పోయింది. విదేశీ ఓడలూ, తర్వాత సొంత ఓడలూ ఊడ్చేయగా, 1992 జూలైలో కాడ్ వేట ఆపేశారు. ముప్పై వేల మంది దాకా ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు. ఆ ప్రకటన చేసిన కేంద్ర మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ. 1948లో అమెరికా వైపు నిలబడ్డ చెస్ క్రాస్బీకి ఆయన కొడుకు.

జూలై 1 అంటే కెనడా అంతటా జాతీయ పండగ. సెయింట్ జాన్స్‌లో మాత్రం పొద్దుటి పూట పండగ ఉండదు. 1916లో అదే తేదీన, ఫ్రాన్స్‌లో బోమాంట్ హామెల్ దగ్గర వాళ్ళ రెజిమెంటు సుమారు 800 మందితో ముందుకి నడిచింది. మర్నాడు పేర్లు పిలిస్తే పలికినవాళ్ళు 68 మంది. నేను వెళ్ళిన ఏడాది, స్మారకం దగ్గర జనం చొక్కాలకి చిన్న నీలిపువ్వు పెట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డారు. ఫ్రాన్స్ నుంచి తెచ్చిన పేరు తెలియని ఒక సైనికుణ్ణి అంతకు ముందు ఏడాదే అక్కడ సమాధి చేశారు. మధ్యాహ్నం దాటాక అదే జనం ఎర్ర ఆకు జెండాలు పట్టుకుని పిల్లలతో తిరిగారు. పొద్దున వాళ్ళు ఏడ్చిన దేశం వేరు, సాయంత్రం పండగ చేసుకున్న దేశం వేరు.

ప్రశ్న: గ్రూప్-2కి చదువుతున్నాను. సిక్కిం మనలో కలవడం కూడా ఇలాంటిదేనా మేడమ్?
– ఒక అభ్యర్థి, వరంగల్

జవాబు: తేదీలు ముందు రాసుకో బాబూ. 1950 ఒప్పందంతో సిక్కిం మన రక్షణలోకి వచ్చింది. రక్షణ, విదేశీ వ్యవహారాలు మనవి, లోపల పాలన చోగ్యాల్‌ది, అంటే అక్కడి రాజుది. 1974లో 35వ సవరణతో సహ రాష్ట్రం. 1975 ఏప్రిల్ 9న మన సైన్యం చోగ్యాల్ అంగరక్షక దళాన్ని నిరాయుధం చేసింది. ఏప్రిల్ 14న జనం ఓటు వేశారు. అవునన్నవాళ్ళు 59,637, కాదన్నవాళ్ళు 1,496. 36వ సవరణతో మే 16న 22వ రాష్ట్రం.

పరీక్షకి ఇది చాలు. నీకు ఇంకొక్క మాట చెప్పాలనుంది. అక్కడ నేపాలీ మాట్లాడే ఎక్కువ మందికి రాజు పాలన మీద కోపం ఉండేది, ఓటు హక్కు సరిగ్గా లేదన్న బాధ ఉండేది, అది నిజం. కానీ రాజు పోవాలా, భారత్‌లో చేరాలా అనే రెండింటినీ ఒకే ప్రశ్నగా కట్టి, ప్యాలెస్‌లోకి సైన్యం వెళ్ళిన అయిదు రోజులకే ఓటు పెట్టడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. న్యూఫౌండ్‌ల్యాండ్‌లో అదే ప్రశ్నని రెండుసార్లు, ఏడు వారాల తేడాతో అడిగారు. సిక్కిం మనది కావడం నాకు సంతోషమే. అందుకే అడిగిన తీరు ఇంకా బాగుండాల్సిందని బాధ.

రాజ్యాంగంలో 371-ఎఫ్ అధికరణం చదవడం మర్చిపోకు. మనకి 371-డి ఎలాగో సిక్కింకి అది అలాగ. వాళ్ళ పాత చట్టాలు చాలా దాని అండతోనే నిలిచాయి. సిక్కిం వాసులకి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి బెలారుస్‌లో మెడిసిన్ చదువుతోంది. ఆ దేశాన్ని రష్యా కలిపేసుకుంటుందని అంటున్నారు. డిగ్రీ సంగతి ఏమవుతుందో?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: రష్యా అధ్యక్షుడు యెల్‌త్సిన్, బెలారుస్ అధ్యక్షుడు లుకషెంకో కలిసి రెండు దేశాల్నీ దగ్గర చేసే యూనియన్ స్టేట్ ఒప్పందం మీద సంతకం పెట్టింది 1999 డిసెంబర్ 8న. ఒకే కరెన్సీ అన్నారు, ఇప్పటికీ రాలేదు. 2020 నిరసనల తర్వాత లుకషెంకో రష్యా మీద బాగా ఆధారపడ్డాడు. 2022లో యుక్రెయిన్ మీదికి వెళ్ళిన రష్యా సైన్యంలో కొంత బెలారుస్ మీదుగానే వెళ్ళింది. అయినా 1994 నుంచి అధ్యక్షుడిగా ఉన్న మనిషి మాస్కో కింద గవర్నరుగా కూర్చుంటాడా? ఆ దేశాన్ని ఇంతవరకూ విడిగా ఉంచుతున్న వాటిలో అదొకటని నా ఉద్దేశం. అక్కడ జనాన్ని మాత్రం ఎవరూ అడగలేదు, అదే నాకు దిగులు. డిగ్రీ గురించి మీరు చూసుకోవాల్సింది మన జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు. కోర్సు ఎన్నేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ, ఏ భాషలో చెబుతున్నారు అన్నవి కాగితం మీద తెప్పించి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: రెండు దేశాలు కలిసిపోతే టైమ్ ఎవరిది ఉంచుతారు టీచర్?
– ఎనిమిదో తరగతి, కరీంనగర్

జవాబు: ఎంత మంచి ప్రశ్న అడిగావు తల్లీ! మనకి గ్రీన్‌విచ్ కన్నా అయిదున్నర గంటలు ముందు కదా, ఆ అరగంట ఎందుకొచ్చిందో మీ టీచరు చెప్పే ఉంటారు. 82½ డిగ్రీల రేఖని లెక్కలోకి తీసుకున్నాం. అది మన కాకినాడకి దగ్గర్లోనే పోతుంది. న్యూఫౌండ్‌ల్యాండ్ కూడా విడిగా ఉన్న రోజుల్లో తన ఊరి సూర్యుణ్ణి చూసి, గ్రీన్‌విచ్‌కి మూడున్నర గంటలు వెనక టైమ్ పెట్టుకుంది. కెనడాలో కలిశాక 1963లో అక్కడి ప్రభుత్వమే ఆ అరగంట తీసేసి పక్క రాష్ట్రాలతో కలపాలని చూసింది. జనం ఒప్పుకోలేదు. దేశాన్ని ఇచ్చారు గానీ అరగంట ఇవ్వలేదు.

అందువల్ల చలికాలంలో మనకీ సెయింట్ జాన్స్‌కీ తేడా సరిగ్గా తొమ్మిది గంటలు. తెనాలిలో సాయంత్రం ఆరింటికి నేను వీడియో కాల్ చేస్తే అక్కడ పొద్దున తొమ్మిది. మా మనవరాలికి పాలు పట్టే వేళ. దాని వెనక గోడ మీద ఒక గడియారం కనిపిస్తుంది. దానిలో పెద్దముల్లూ, మా హాల్లో గడియారం పెద్దముల్లూ ఎప్పుడూ ఒకే అంకె మీద ఉంటాయి.